విల్లు మోగుతాంటే మనిషి ఉన్నట్టే

"మామ సచ్చిపోయినాడు తాతా. నేనేం సేయలేదు."

మా వీధి పరుపుల సాయిబు పోయిన కబురు నాకు ఈ రెండు మాటల్లోనే అందింది. తెచ్చినవాడు తిప్పన్న, సాయిబు దగ్గర దూది ఏకే పనివాడు. నా గడప ముందు నిలబడి, ఏడ్చేదానికంటే ముందు రెండు చేతులూ చాపి చూపించినాడు, ఖాళీగా ఉన్నాయని. ఈ వయసుకు ఎన్నో చావు కబుర్లు విన్నాను గానీ, తెచ్చినవాడు తనను తాను కాచుకుంటా చెప్పింది ఇదొక్కటే.

సాయిబును మింగింది దగ్గు. పత్తికి మా ఆదోని ఎంత పేరుబడిందో పత్తి దగ్గుకూ అంతే. పత్తి పేరు మద్రాసు దాకా పోతుంది, దగ్గు మాత్రం ఊరు విడిచి పోదు. ఆయన ఇంటింటికీ పోయి పాత పరుపులు విప్పేవాడు. గడ్డకట్టిన దూదిని విల్లుతో ఏకి, మళ్ళీ మెత్తగా చేసి కుట్టిచ్చేవాడు. అల్లుడు వచ్చే ముందు పరుపు ఏకించే ఇల్లు మంచిదంట, అల్లుడు ఊరికి పోయినంక ఏకించే ఇల్లు తెలివైనదంట. ఇది ఆయన మాటే. సరే, అల్లుళ్ళ సంగతి మనకెందుకు, తిప్పన్న దగ్గరికి వస్తాను.

తిప్పన్నది హాలహర్వి పక్క పల్లె. కరువులో జొన్నమూట ఎత్తి జైలుకు పోయినాడు. జైల్లో మగ్గం నేర్పించినారు. బయటికొచ్చినంక మగ్గం ఎవరూ ఇయ్యలేదు. ఎమ్మిగనూరులో ఒక నేతాయన దయతలిచి కూర్చోబెట్టుకున్నాడు. పక్కింట్లో ఇత్తడి చెంబు కనపడకపోతే పోలీసు జవాను వచ్చి మగ్గం గుంతలోంచి తిప్పన్నను లేపుకొని పోయినాడు. చెంబు వాళ్ళ బావిలోనే దొరికింది, తిప్పన్నకు మగ్గం మాత్రం మళ్ళీ దొరకలేదు. ఆ తర్వాత ఆకలి. ఆ తర్వాత నిజంగానే ఒక దొంగతనం. మళ్ళీ జైలు.

రెండోసారి విడుదలైనవాణ్ణి, ఎమ్మిగనూరు సంతకు పరుపు గుడ్డ కోసం పోయిన సాయిబు గుడ్డతో పాటు వెంటబెట్టుకొచ్చినాడు.

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది సాయిబూ" అంటిని.

"ఇచ్చి సూసినోడు ఎవుడన్నా ఉండాడా అప్పా? ఆ సామెత కట్టినోడు ఇయ్యకుండానే కట్టినాడు."



ఇద్దరూ కలిసి మొదట పోయిన ఇల్లు ఒక పత్తి దళారీది. ఆ ఇల్లాలు తలుపుకు అడ్డం నిలబడి, "నువ్వు రా సాయిబూ, వాణ్ణి వీధిలో ఉండమను" అనింది. సాయిబు విల్లు దించి మెట్టు మీద కూర్చున్నాడు. "వాడు వీధిలో ఉంటే నేనూ వీధిలోనే అమ్మా. పరుపు కూడా ఈడికే పంపు. మీ ఇంట్లో దూది ఎంత నల్లబడిందో వీధంతా సూస్తుంది." ఆమె నవ్వలేక నవ్వి తప్పుకొనింది. తిప్పన్న లోపలికి పోయినాడు గానీ, పని అయ్యేదాకా తలెత్తలేదు.

మా వీధి వెనకే పోలీసు స్టేషను. ఎక్కడ ఏం పోయినా, కోడుమూరులో కోడి పోయినా సరే, జవాను మా వీధికే వచ్చేవాడు. సాయిబు విల్లు ఆపకుండానే, "నిన్న పొద్దుమునిగేదాకా వీడి విల్లు మోగింది గదప్పా. చెవులు పోతాండాయని నువ్వే తిడితివి గదా!" అనేవాడు. జవానుకు నవ్వొచ్చేది. ఆ నవ్వుతోనే వెనక్కి పోయేవాడు. "విల్లు మోగుతాంటే మనిషి ఉన్నట్టేరా తిప్పా. ఆపొద్దు" అనేవాడు సాయిబు.

కర్నూలుకు రాజధాని వచ్చింది, పోయింది కూడా. తిప్పన్న పేరు మాత్రం ఆ స్టేషను నుంచి పోలేదు.

సాయిబును మట్టిచేసిన వారంలోనే బజారులో ఒక అంగడి తాళం పగిలింది. జవాను వచ్చినాడు. నేను అడ్డం పోయి, "నిన్నంతా నా పరుపే ఏకినాడప్పా" అంటిని.

"వాడికి నువ్వేమవుతావు తాతా?"

"ఏమీ కాను. పరుపు ఇచ్చినోణ్ణి."

సాయిబు మాటకు నవ్వినవాడు నా మాటకు నవ్వలేదు. తిప్పన్నను తీసుకొని పోయినాడు. సాయంత్రం వదిలినారు. వాచిన చెంపతో వచ్చి, "ఈసారికి వదిలినారు తాతా" అన్నాడు. 

వాణ్ణి వెంటబెట్టుకొని నేనే ఇండ్లు తిరిగినాను. "సాయిబు ఉంటే వేరే" అన్నారు అందరూ, మర్యాదగానే. దళారీ ఇల్లాలైతే మంచినీళ్ళిచ్చి మరీ చెప్పింది. ఇంక నా పరుపే మిగిలింది. ఏకిందే మళ్ళీ ఏకించినాను, మళ్ళీ ఏకించినాను. అందులో ఇప్పుడు దూది కంటే దుమ్మే ఎక్కువ. ఒక్క ముసలోడి పరుపు ఒక మనిషిని ఎన్నాళ్ళు జైలు బయట పెడుతుంది? సాయిబు ఉంటే అడుగుదును.

నిన్న మధ్యాహ్నం విల్లు మోగింది. యాడో పని దొరికిందని సంబరంగా బయటికి వచ్చినాను. తిప్పన్న సాయిబు అరుగు మీద కూర్చొని నారిని కొడతాండాడు. కింద దూది లేదు, ఉత్త చాప.

"ఏందిరా తిప్పా, గాలిని ఏకుతాండావా?"

"నేను ఈడే ఉండానని తెలియాల గదా తాతా."

కొట్టి, చెయ్యి ఆపి, స్టేషను సందు దిక్కు చూస్తాడు. మళ్ళీ కొడతాడు. నారి వణుకుతుంది. చాప మీద ఒక్క పోగు కూడా లేవదు.