కాట్‌బస్‌లో నేను వేయించుకున్న వేరే టీకా

ఆ రోజుల్లో జర్మనీలోని కాట్‌బస్ తెలుగువాళ్లు ఎదురుపడితే బాగున్నారా అనడం మానేశారు. మాస్కు కాస్త కిందికి లాగి, "పడిందా?" అనేవారు. పడాల్సింది కరోనా టీకా. పడినవాడికి కొత్తల్లుడి మర్యాదలు. నేనప్పుడు ఇరవై నాలుగేళ్ల మాస్టర్స్ విద్యార్థినిని. వయసు చిన్నది, ఏ జబ్బూ లేదు, కాబట్టి వరసలో అందరికంటే వెనక. మా వాట్సాప్ గ్రూపును ఏలుతున్నది ఒక అన్నయ్య. ఐటీ ఉద్యోగం, భార్య, పదకొండేళ్ల కూతురు ఉన్న పెద్దమనిషి. ఆఫీసు పని ఎప్పుడు చేసేవాడో తెలీదు గానీ (ఇంటి నుంచి పని అంటే ఏమిటో ఆయన్ని చూశాకే నాకు అర్థమైంది) పొద్దస్తమానం లాప్‌టాప్ ముందు కూర్చుని, ఎక్కడ టెర్మిన్ (అపాయింట్‌మెంటుకి జర్మన్ మాట) ఖాళీ అయితే అక్కడ మాలో ఒకరి పేరు దూర్చేవాడు. అందుకే టెర్మిన్ అన్నయ్య అనేవాళ్లం. జంకేవాళ్లకి గ్రూపులో సైన్సు పాఠాలు కూడా చెప్పేవాడు, ఈ కాలంలో కూడా సూదికి భయపడటం సిగ్గుచేటని.

ఆ మే నెలలో మామూలు చెకప్‌కని ఆడవాళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నావా అని అడిగింది. ఆ పేరే వినలేదన్నాను. కాగితం మీద బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పింది: ఇది చాలా మామూలు వైరస్, ఆడా మగా దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది, చాలామందిలో దానంతటదే పోతుంది, పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోతే గర్భసంచి ముఖద్వారానికి కాన్సర్ తేవచ్చు, టీకా చిన్నప్పుడే వేస్తే మేలు, నీ వయసులోనూ ఉపయోగమే, కానీ టీకా పడిందని పరీక్షలు మాత్రం మానకూడదు. నేను చెయ్యి చాపాను. తిరుగు ట్రాములో నా భుజం మీది ప్లాస్టర్‌ని ఒక జూనియర్ చూసింది. హాస్టల్ చేరేసరికి గ్రూపు నిండా నాకు అభినందనలు. వెంటనే అన్నయ్య ఫోను. తనకి తెలియకుండా ఊళ్లో ఒక టెర్మిన్ పుట్టిందని మనసు కష్టపెట్టుకున్నాడు. ఆదివారం భోజనానికి రమ్మన్నాడు. (ఇంటికి ఒక్క అతిథే రావచ్చని అప్పటి రూలు. ఆ వారం ఆ వైభవం నాకు దక్కింది.)

ఏ కంపెనీది, ఏ డాక్టరు, ఎలా దొరికిందని అన్నయ్య వరసగా అడుగుతుంటే, "అది వేరే టీకా అన్నయ్యా, ఆడవాళ్లది..." అని నసిగాను. వాళ్ల పాప పళ్లెంలోంచి తల ఎత్తకుండానే, "హెచ్‌పీవీనా? మా క్లాసులో లీనాకి వేశారు. అబ్బాయిలకి కూడా వేస్తారు" అంది. మా అన్నయ్య గొంతులో ముద్ద అడ్డుపడింది. మంచినీళ్లు తాగి, గొంతు తగ్గించి, "పెళ్లికాని పిల్లవి, నీకెందుకమ్మా ఇప్పుడు? పెళ్లయ్యాక చూసుకోవచ్చుగా" అన్నాడు. సైన్సు పాఠం పెళ్లి దగ్గరికొచ్చి ఆగిపోయింది. నేనైనా తక్కువదాన్నా? డాక్టరే బలవంతపెట్టిందని అబద్ధమాడేసి పప్పులో తల దూర్చాను.

అప్పుడు వదిన చారు గిన్నె కింద పెట్టి, "ఆ టీకా ఆపే కాన్సర్‌తోనే మా అమ్మ పోయింది" అంది.

"అత్తయ్యకి కడుపులో గడ్డ కదా?" అన్నాడు అన్నయ్య.

"ఊరికి అలా చెప్పాం. మీకూ అలాగే చెప్పాం. రెండేళ్లు రక్తం పోతున్నా సిగ్గుపడి అమ్మ ఎవరికీ చెప్పలేదు." చారు గిన్నె ఆయన వైపు జరిపి అంది: "ఊళ్లో వాళ్లందరికీ టెర్మిన్లు తెచ్చారు. మన పిల్లకి ఒకటి తీసుకోండి."

అన్నయ్య ఎంగిలి చెయ్యి అలాగే ఉంచి ఎడం చేత్తో లాప్‌టాప్ తెరిచాడు. పిల్లల డాక్టరుకి ఫోన్ చేస్తే చాలని పాప చెప్పింది. నిజంగానే సోమవారం చేస్తే గురువారమే రమ్మన్నారు. ఆ టీకా కోసం ఎగబడేవాళ్లు ఎవరూ లేరు. పోటీ లేని టెర్మిన్ ఆయన చేతికి రావడం అదే మొదలు; రెండుసార్లు ఫోన్ చేసి నిజమేనా అని కనుక్కున్నాడట. ఆ సంగతి ఆయన గ్రూపులో పెట్టలేదు. వదిన పెట్టింది, వాళ్లమ్మ జబ్బు పేరుతో సహా. మర్నాటి నుంచి ఆడపిల్లలు ఒక్కొక్కరే నాకు విడిగా మెసేజ్ పెట్టి డాక్టరమ్మ అడ్రసు అడిగారు.

ఇంత జరిగినా, కాకినాడలో మా అమ్మకి మాత్రం వేయించుకున్నది కరోనా టీకా అనే చెప్పాను. నాకు ఇది మూడు డోసులు పడింది, కరోనాది రెండు. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, జర్మనీలో అయిదు వేస్తారట, మనవాళ్లు రెండింటితో సరిపెట్టేస్తున్నారని వీధంతా చెప్పొచ్చింది. రెండేళ్ల తర్వాత సెలవులకి వెళ్లినప్పుడు నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. అమ్మ తరుగుతున్న బెండకాయలు పక్కన పెట్టి, "ఆ కాన్సర్ పరీక్ష నాకూ చేస్తారంటావా?" అంది. మర్నాడే తీసుకెళ్లాను. ఏమీ లేదన్నారు.

ఇద్దరు ప్రొఫెసర్ల ముందు గంటసేపు థీసిస్ గురించి గడగడా వాదించిన ఆ ఇరవై నాలుగేళ్ల అమ్మాయికి, కన్నతల్లితో ఒక్క మాట చెప్పడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంత సిగ్గు ఎక్కడ నేర్చుకున్నావే పిచ్చిదానా, అని అడగాలనిపిస్తుంది.