గులాబీ కొమ్మకు సంబంధం

కదిరిలో పాత గులాబీల ప్రేమికుల సమావేశానికి వెళ్లాను. నా బట్టతల మీద దోసె పోసుకోదగిన ఎండ. యాడికి అనే ఊరి నుంచి వచ్చిన ఓబులమ్మ, తడిగుడ్డలో చుట్టిన నాటుగులాబీ కొమ్మను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది. బోరు ఎండి చెట్టు చచ్చిపోయిందట; మిగిలింది ఆ కొమ్మే. నాకిమ్మని అడిగాను.

“మీ ఇంట్లో నీళ్లుండాయా అప్పా?”

“గోదావరి మా పెరట్లోనే పారుతుందమ్మా!”

“అది సరే. బియ్యం కడిగిన నీళ్లు యాడ పోస్తారు?”

“సింకులో,” అన్నాను.

ఆమె కొమ్మను వెనక్కి లాక్కుంది. “నీళ్లు పారబోసే ఇంటికి బిడ్డనెట్లా ఇచ్చేదప్పా?”

ఇకమీదట చుక్క పారబోయనని ఆ కొమ్మ మీదే ఒట్టేశాను. తడిగుడ్డ మళ్లీ బిగించి, కొమ్మను నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో బియ్యం కడిగేది నేనే. కొమ్మ చిగురేసింది. నన్ను వంటింట్లో అడుగుపెట్టించినందుకు మా ఆవిడ ఓబులమ్మకు చీర పంపింది.