కొడవలి మొన మీద నీలం

హసన్‌పర్తి కమ్మరి సారంగపాణిని ఊరు ఎదురుగా పాణన్న అనేది, వెనక మొండి పాణి అనేది. తన కొలిమిలో తప్పు జరిగిందని బుద్ధెరిగాక ఆయన ఒప్పుకున్నది లేదు. "నా కొడవలి వంగితే కొలిమి ఆర్పుత" అని పదిమందిలో అనడం అలవాటు.

యుద్ధం పుణ్యమా అని ఇనుము దొరకని రోజులవి. పాత లారీ స్ప్రింగు పట్టీల కోసం కాజీపేట దాకా నడిచేవాడు. ఫ్యాక్టరీ రోలర్ల కింద నలిగి సాగిన ఉక్కంటే ఆయనకు గురి. దాన్ని సాగిన వాటానే కొట్టాలి. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది గాని పెళుసు. మళ్ళీ సన్నసెగన పసుపురంగు తేలేదాకా కాచాలి. నీలం దాటిందా, పదును పోయినట్టే.

వరికోతల్లో ఒకనాడు కూలికి పోయే మొగిలమ్మ తన కొడవలి తెచ్చి కొలిమి ముందు పడేసింది.

"ఇదేనా పాణన్నా నీ పదును? మొన ఎట్ల వంగిందో సూడు!"

పనిముట్ల కోసం కూర్చున్నవాళ్ళు చెవులు రిక్కించారు. రైతు యాదగిరి మీసాల్లో నవ్వుకున్నాడు.

సారంగపాణి కొడవలిని వెలుతురుకు పట్టాడు. మొన నల్లబారింది, దాని వెనక వేలెడు మేర నీలం. ఎవరో నిప్పుల్లో పెట్టారు. నోరు తెరిస్తే గెలుపు ఆయనదే. కాని మొన ఒక్కటే ఎందుకు కాలుస్తారో ఆయనకు తెలుసు. పన్నెండేళ్ళ కింద జబ్బుపడ్డ కొడుకు పొట్ట మీద వాత పెట్టడానికి కర్రు కాల్చింది తనే. పిల్లవాడు నాలుగోనాడు పోయాడు. ఆ ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది.

వంగి మెల్లగా అడిగాడు. "ఎవలికి పెట్టినవ్ వాత?"

మొగిలమ్మ కూడా గొంతు తగ్గించింది. "మనుమరాలికే, అన్నా. పసిరికలై ఒళ్ళంత పచ్చవడ్డది. నిన్నటిసంది కండ్లు తెరుస్తలేదు."

"ఇప్పుడే హన్మకొండ దవాఖానకు తీస్కపో. ఆడ ఇచ్చే చీటీ సూపెడితెనే కొత్త కొడవలి." తర్వాత లేచి అందరికీ వినపడేలా అన్నాడు. "తప్పు నాదే. పదును తప్పింది."

"మరి కొలిమి?" అన్నాడు యాదగిరి.

సారంగపాణి కడవెడు నీళ్ళు కొలిమిలో గుమ్మరించాడు. కోతల మధ్యలో కమ్మరి చేతులు కట్టుకుని కూర్చోవడం ఊరంతా వచ్చి చూసింది. యాదగిరి రెండుసార్లు వచ్చాడు.

ఎనిమిదోనాడు మొగిలమ్మ చీటీ తెచ్చింది. చదువు రాకపోయినా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆమె చంకలోని పిల్ల ఆయన మొహం చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఆయనకు ప్రాణం లేచివచ్చింది. కొలిమి అంటించి, పొద్దు వాలేలోగా కొడవలి కొట్టి చేతిలో పెట్టాడు.

"ఇది కోతకే, మొగిలీ" అన్నాడు.