మరకలమ్మ ముక్కు

ఆ వీధిలో అందరూ ఆమెను మరకలమ్మ అనేవారు. సోఫా, పరుపు, తెర, దిండు గలీబు, ఎవరింట్లో ఏది పాడైనా ఆమెకే కబురు వెళ్ళేది. ఆమె వచ్చీరాగానే మోకాళ్ళ మీద కూర్చుని, మరక దగ్గర ముక్కు పెట్టి కళ్ళు మూసుకునేది. ఏం ఒలికిందని ఇంటివాళ్ళను అడగడం ఎప్పుడో మానేసింది. మరక దగ్గరికొచ్చేసరికి ఎంత పెద్దమనిషైనా చిన్నపిల్లాడిలా అబద్ధమాడతాడు. ఎవరూ ఏదీ ఒలకబొయ్యరు, అదే ఒలికిపోతుంది. ఆమె ముక్కుకు మాత్రం మొహమాటం లేదు.

అలాంటి ముక్కు మొన్నటి జ్వరంలో మొద్దుబారిపోయింది. జ్వరం తగ్గింది గానీ వాసనలు తిరిగి రాలేదు. ఎవరికీ చెప్పలేదు. భర్తకు మాత్రం తెలిసిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి, మాడి, ఇల్లంతా కంపు కొడుతుంటే ఆమె పక్క గదిలో తాపీగా బొత్తాం కుట్టుకుంటోంది. ఆయన పొయ్యి ఆర్పాడు, గిన్నె తోమాడు.

ఆయన దర్జీ. చూపు మందగించాక మిషను మూలన పెట్టి ఇంట్లోనే ఉంటున్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె బకెట్టు ముట్టుకోని మనిషి ఆ ఉదయం చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడికండీ?"

"నీతోనే. బకెట్టు మోస్తాను."

"మోకాళ్ళ నొప్పులన్నారుగా."

"బకెట్టు మోకాళ్ళతో మోస్తారటే?"

వెళ్ళాల్సింది ప్లీడరుగారింటికి. ఆయన భార్య నలుగురికీ చెప్పబట్టే మరకలమ్మకు సగం ఇళ్ళు దొరికాయి. ఇక్కడ ఈ ఒక్క సోఫా పాడైతే ఆ తలుపులన్నీ మూసుకుంటాయి.

మీగడ రంగు సోఫా మీద అరచేతంత మరక. పసుపుపచ్చగా, అంచులు గట్టిపడి ఉంది.

"టీ అమ్మా. మా మరిది ఒలకబోసుకున్నాడట," అంది ప్లీడరుగారి భార్య. "పోయినసారి టీ మరకకి వేడినీళ్ళు అడిగావుగా, ఉండు తెస్తాను."

మరిదిగారు పక్క కుర్చీలో పేపరు వెనక ఉన్నాడు. పేపరు కదల్లేదు.

మరకలమ్మ వంగింది. ఊపిరి పీల్చింది. గోడకు ముక్కు ఆనించినట్టే ఉంది. మళ్ళీ పీల్చింది. దర్జీ మూలుగుతూ వచ్చి ఆమె పక్కన కూలబడి, తనూ వంగాడు.

"ఏం వాసనండీ?" గొంతు తగ్గించి అడిగింది.

"టీ కాదు."

"సరే, మరేమిటి?"

"మీ పెదనాన్న ఉండేవాడే, ఆయన గది."

"మా పెదనాన్నకేం, రోజూ స్నానం చేసేవాడు."

"ఆయన చేసేవాడు. గది చెయ్యలేదుగా."

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను, సరిగ్గా చెప్పండి. పాలు విరిగినట్టా? నూనె కంపా?"

ఆయన మళ్ళీ ముక్కు పెట్టాడు. ఈసారి హాస్యమాడలేదు. "వానలో తడిసిన కోళ్ళగూడు," అన్నాడు.

ఆమెకు అర్థమైపోయింది. వేడినీళ్ళు పడితే గుడ్డు బట్టలోనే ఉడికిపోతుంది, ఇక జన్మలో వదలదు. అప్పటికే ప్లీడరుగారి భార్య పొగలు కక్కే గిన్నె పట్టుకుని వస్తోంది.

"వద్దమ్మగారూ, చన్నీళ్ళు ఇప్పించండి. ఇది టీ కాదు, గుడ్డు."

పేపరు మెల్లగా కిందికి దిగింది. "కండలు పెరుగుతాయన్నారు వదినా," అన్నాడు మరిది. "పచ్చిగుడ్లు పాలల్లో కలుపుకుని తాగుతున్నా. గ్లాసు జారింది."

"పెరిగితే సోఫాకి పెరిగుంటాయి నాయనా. నీలో ఏం కనబడ్డంలా."

మరకలమ్మ చెంచా వెనక వైపుతో ఎండిన పొరను గీకింది. చన్నీళ్ళలో కాస్త సబ్బు కలిపి, ముందు సోఫా వెనక కనబడని మూల ఒక చుక్క అద్ది, రంగు పోదని చూసుకుంది. రుద్దకుండా, తెల్లగుడ్డతో అంచు నుంచి లోపలికి అద్దుతూ వచ్చింది. దర్జీ గుడ్డలు పిండి అందిస్తున్నాడు. పసుపు పలచబడింది, చివరికి తడి మాత్రమే మిగిలింది.

"నీ ముక్కు ముందు ఎవరి ఆటలూ సాగవమ్మా," అంది ప్లీడరుగారి భార్య.

దర్జీ తలొంచుకుని గుడ్డ పిండుతున్నాడు, నీళ్ళు రాకపోయినా. మరకలమ్మ నోరు మూసుకుంటే సరిపోయేది. ఆ మెప్పు మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

"నాది కాదమ్మగారూ. జ్వరం వచ్చి తగ్గాక నాకు ఏ వాసనా తెలీడంలేదు. చెబితే పిలవరని దాచాను. పట్టింది మా ఆయన. ఇకమీదట పిలిస్తే ఇద్దరం వస్తాం. వద్దంటే మీ ఇష్టం."

ప్లీడరుగారి భార్య ఆమెనూ, తడి చేతులతో చతికిలబడ్డ దర్జీనీ మార్చి మార్చి చూసింది.

"పడగ్గది తెర మీద ఒక మరక ఉంది," అంది చివరికి. "నేను కాదు మొర్రో అంటున్నారు మావారు. ఒకసారి మీ ఆయన్ని చూడమను."

దర్జీ వెళ్ళి తెర అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మరకలమ్మ ఆయన మొహమే చూస్తోంది.

"తలనూనె," అన్నాడు. "చెయ్యి తుడుచుకున్నారు."

ప్లీడరుగారి భార్య ముందుగది వైపు తిరిగింది. "ఏవండీ, ఒకసారి ఇలా రండి," అని పిలిచింది.