పంగ కింద కోసిన కొమ్మ

“కొమ్మ నీళ్ళలో పెట్టావా?” అన్నారు ఆయన, ఆటో ఎక్కుతూ. “పెట్టాను లెండి, ముందు ఆ చెప్పులు సరిగ్గా తొడుక్కోండి,” అన్నాను. మా ఇద్దరికీ అవే ఆఖరి మాటలు. ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ మాట్లాడలేదు. నిన్న సాయంత్రం డాబా మీద ఆయన చెట్టు పువ్వు విచ్చుకుంది. అందుకే ఇవాళ చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు గనక మా చెల్లెలి కూతురు రాస్తోంది.

అది ఉమ్మెత్త జాతే గానీ చెట్టులా ఎదుగుతుంది. పొడుగాటి బూరల్లాంటి పూలు తలకిందులుగా వేలాడతాయి. పగలు వాసన ఉండదు, పొద్దు వాలితే వీధి మొగదాకా పోతుంది. విషం మొక్క, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. అదంటే మా ఆయనకి ప్రాణం. తాడేపల్లిగూడెంలో మా పెరటి గులాబిరంగు చెట్టు కోసం ఏలూరు నుంచీ కైకలూరు నుంచీ మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళు వచ్చేవారు. కొమ్మకి కొమ్మ మారకం. ఇచ్చేవాళ్ళు ఏది కోసిస్తే అది పుచ్చుకోవాలి, అది కాదు ఇది అని వేలు చూపించకూడదు. ఆయన మాత్రం ఎవరికైనా కాండం రెండుగా పంగ చీలిన చోటుకి పైనే కోసేవారు. అదైతే త్వరగా పూస్తుంది. కింద కోసింది మళ్ళీ మనిషెత్తు ఎదిగి, పంగ వేసుకుంటే గానీ మొగ్గ తొడగదు. లావుగా ఉందని నేను కింద కోయబోతే, “నీకు కట్టెలు కావాలా, పూలు కావాలా?” అనేవారు.

ఆయన పోయాక ఇల్లంతా చుట్టాలు. స్నానాల నీళ్ళకి పెరట్లో పొయ్యి పెట్టారు, సరిగ్గా ఆ చెట్టు మొదట్లో. కర్మలయ్యేసరికి చెట్టు మాడిపోయింది. నీళ్ళలో కొమ్మ ఉందిగా అని వంటింట్లోకి వెళితే, మా ఆడపడుచు ఆ గ్లాసు శుభ్రంగా తోమి బోర్లించింది. ఏమంటాను, పాపం, సాయానికే కదా వచ్చింది!

ఏలూరులో బట్టలు కుట్టే ముస్లిం ఆవిడకి ఆయన ఒక కొమ్మ ఇచ్చారని గుర్తొచ్చింది. ఆవిణ్ణి చెల్లెమ్మా అనేవారు. మారకానికి గోరింటాకు కొమ్మ పట్టుకుని బస్సెక్కాను. “కబురు చేస్తే నేనే తెచ్చేదాన్ని కదండీ వదినగారూ,” అని కళ్ళు తుడుచుకుంది. “అన్నయ్యగారి చెట్టు, మీకు సన్నది ఇస్తానా అండీ?” అంటూ పంగ కింద, మొదట్లోంచి లేచిన లావుపాటి కొమ్మ కోసింది. మాట నా నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను.

డాబా మీద కుండీలో నాటాను, వేరు పడింది. నా నడుము దాటింది, నెత్తి దాటింది. అన్నీ ఆకులే. నాకా షుగరు, మోకాళ్ళు అరిగాయి. ఇది పూసేదాకా నేనుంటానా అని ఒకటే దిగులు. “నర్సరీలో పూసిందే కొనిస్తాను పెద్దమ్మా,” అంది మా అమ్మాయి, ఈ రాసేదే. “అది ఆయనది అవుతుందటే?” అన్నాను. రోజూ పొద్దున్నే డాబా ఎక్కి, “ఇంకా ఎప్పుడండీ?” అని అడిగేదాన్ని. మొక్కని అండీ అంటావేంటి అని ఇది ఒకటే నవ్వు.

నిన్నటికి జవాబు వచ్చింది. ఒకటే పువ్వు, అదే గులాబిరంగు. పైకొమ్మ అయితే ఎప్పుడో పూసేసేది, ఇన్ని పొద్దుటిపూటలు నాకు మెట్లెక్కే పని ఎక్కడుండేది? కాలం ఊరికే పోలేదు, నా ఎదుటే ఎదిగింది. పంగకి పైన ఒకటి కోసి గ్లాసులో పెట్టాను, ఏలూరు ఆవిడకి. ఇక చాలు గానీ, ఏదీ, మొదట్నుంచి చదివి వినిపించవే. ఆయన అడిగిన మాట దగ్గర కాస్త ఆగు. జవాబు నువ్వు చదవకు, పెట్టానని నేనే చెబుతాను.