రత్తమ్మ రేవు

నా చిన్నప్పుడు మా లంక ఊళ్ళో పడవ దిగే చోటుని రత్తమ్మ రేవు అనేవారు. రత్తమ్మంటే ఎవరో దేవత అనుకునేదాన్ని. ఏటా గోదావరికి వరదతో ఎర్రనీరు రాగానే ఆడవాళ్ళందరూ పసుపు, కుంకుమ, గాజులు పట్టుకెళ్ళి అక్కడ నీళ్ళల్లో వదిలేవారు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళున్నప్పుడు మా నాయనమ్మ నన్నూ వెంటబెట్టుకెళ్ళింది.

ఆ రోజు గాలి లేదు. నీళ్ళు చప్పుడు చెయ్యకుండా గట్టు అంచుదాకా వచ్చి ఉన్నాయి. ఊళ్ళోకెల్లా పెద్ద ముత్తయిదువ నీళ్ళల్లోకి దిగి, "రత్తమ్మ తల్లీ, పసుపు కుంకుమ తీసుకో" అని పిలిచింది. అందరూ తలలు వంచుకున్నారు. నేను పక్కకి చూశాను. దూరంగా, రెల్లు దుబ్బుల పక్కన, మా వీధి చివర పాకలో ఒంటరిగా ఉండే వచ్చినమ్మ నిలబడి ఉంది. ఆ పిలుపుకి ఆమె పెదాలు 'ఆఁ' అన్నట్టు విచ్చుకున్నాయి. చప్పుడు రాలేదు. వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

ఇంటికొచ్చేదాకా నాయనమ్మ కొంగు వదల్లేదు. చూసింది చెప్తే ఆవిడ అసలు సంగతి చెప్పింది. రత్తమ్మ దేవత కాదట. నేను పుట్టకముందు ఆ రేవులో బిందె ముంచుతూ వరదలో కొట్టుకుపోయిన కోడలుపిల్లట. శవం దొరకలేదు. కర్మకాండలు జరిపించేశారు. అత్తవారు కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేసి, ఆచారం ప్రకారం పోయిన సవతి పేరిట చేయించిన బంగారు రూపు కొత్త కోడలి మెడలో కట్టారు. రేవుకి ఆ పేరు స్థిరపడింది, ఆమె పేరున నీళ్ళల్లో పసుపు కుంకుమ వదలడమూ అప్పుడే మొదలైంది. ఏడాది తిరగబోతుండగా ఒక మధ్యాహ్నం, పోయిందనుకున్న రత్తమ్మే అదే రేవులో పడవ దిగి నడిచొచ్చింది. సముద్రం దగ్గర జాలర్లు ఒడ్డుకి చేర్చారట. జబ్బుపడి, నెలల తరబడి సొంత ఊరి పేరు కూడా చెప్పలేకపోయిందట.

చూసినవాళ్ళు, అత్తవారితో సహా, తలుపులు వేసుకున్నారు. మనిషేనని నమ్మకం కుదిరాక కూడా పాత పేరుతో ఎవరూ పిలవలేదు. ఆ పేరు నీళ్ళకి ఇచ్చేశారు కదా, పిలిస్తే ఏది పలుకుతుందోనని భయం. ఆ వచ్చినామె, ఆ వచ్చినామె అనుకుంటూనే ఆమెని వచ్చినమ్మగా చేసేశారు. ఆమెకి బొట్టు పెట్టేవాళ్ళు గానీ, పేరంటానికి పిలిచేవాళ్ళు గానీ లేరు.

"మరి నువ్వు కూడా పిలవలేదేం నాయనమ్మా?" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం నాయనమ్మ వచ్చినమ్మకి కబురు పంపింది. సంగతి తెలిసి తాతయ్య అరుగు మీంచే అడ్డుపడ్డాడు. "పోయినవాళ్ళ పేరు ఇంట్లో పిలవకే. పిల్లలున్న కొంప" అన్నాడు. వచ్చినమ్మ వచ్చి వాకిట్లోనే నిలబడింది. నాయనమ్మ కుంకుమ భరిణె పట్టుకుని గడప దగ్గరకెళ్ళింది.

"రత్తమ్మా, లోపలికి రా. బొట్టు పెడతాను."

ఆమె కదల్లేదు. ఆ పిలుపు అక్కడెవరికో అన్నట్టు రేవు వైపు తల తిప్పింది. నాకూ అలాగే అనిపించింది. అటునుంచి ఎవరైనా పలుకుతారేమోనని భయపడి నాయనమ్మ వెనక నక్కాను. ఆవిడ మాత్రం మళ్ళీ పిలిచింది.

"ఆఁ, వస్తున్నానండి."

ఆ గొంతు వచ్చినమ్మది కాదు. మాకు తెలిసిన గొంతు బొంగురుగా, అరిగిపోయినట్టు ఉండేది. ఇది పడుచుపిల్ల గొంతు. అన్నేళ్ళూ ఎవరూ కదపకపోతే అలాగే నిలిచిపోయినట్టుంది. తాతయ్య లేచి నిలబడిపోయాడు. ఆమె గడప దాటొచ్చి పీట మీద కూర్చుంది. బొట్టు పెడుతుంటే కళ్ళు మూసుకుని, మెల్లిగా అడిగింది.

"ఇంకొక్కసారి పిలుస్తారా పిన్నిగారూ?"

ఊరు మారలేదు. ఊరికి ఆమె చివరిదాకా వచ్చినమ్మే. మా ఇంట్లో మాత్రం రత్తమ్మ. కొన్నాళ్ళకి తాతయ్య కూడా, రత్తమ్మకి మజ్జిగ ఇచ్చారా అని అడగడం మొదలుపెట్టాడు. మరుసటేడు ఎర్రనీరు వచ్చినప్పుడు ఆడవాళ్ళు రేవుకి వెళ్ళి ఎప్పటిలాగే పిలిచారు. ఆమె వెళ్ళలేదు. మా పెరట్లో కూర్చుని నాకు జడ వేసింది. తర్వాత వంతెన కట్టారు, పడవలు ఆగిపోయాయి. ఇప్పుడు ఆ చోటు పేరు వంతెన సెంటరు.

ఈ వయసులో కూడా ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే, వాళ్ళు పలికేలోపు ఉండే ఆ కాస్త నిశ్శబ్దం నాకు భయమే. అయినా పలకలేదని ఊరుకోను. మళ్ళీ పిలుస్తాను.