హోమ్ ఎడిషన్ చాలన్నాను

ఇందుకూరుపేట దగ్గర మాకు చిన్న ల్యాబ్ ఉంది. రొయ్యల రైతులు గుంటలో సీడ్ వదిలే ముందు, ఆ రొయ్యపిల్లల్లో వైరస్ ఉందో లేదో చూసి చెప్పడం మా పని. ల్యాబ్‌కు మూడు కంప్యూటర్లు కొన్నప్పుడు, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌లో తక్కువ ధర హోమ్ ఎడిషన్ వేయాలా, ఎక్కువ ధర ప్రో వేయాలా అని నెల్లూరు షాపులో అడిగారు.

"ప్రో వేయించండి. మనం ఊళ్ళో లేకపోయినా ల్యాబ్ సిస్టమ్ చూడొచ్చంట," అంది నా భార్య.

"ఈ మూడింటికి ప్రో ఎందుకు? మనమేమన్నా రాకెట్లు వదులుతుండామా?" అన్నాను. షాపతను నవ్వాడు. నేను మురిసిపోయాను.

హోమ్‌తోనే మూడూ ఒకే నెట్‌వర్కులో కలిశాయి. వెనక గదిలో పరీక్ష మెషిన్ ఇచ్చిన ఫలితం ముందు గదిలో తెరుచుకునేది, ప్రింటరు మూడింటికీ పనిచేసేది. దాంతో నా కళ్ళు నెత్తికెక్కాయి. దూరం నుంచి కలిసే ప్రోగ్రాం కూడా మెనూలో కనబడుతూనే ఉంది కదా, ప్రోలో అంత గొప్పేముంది అనుకున్నాను. ఊరందరి సీడూ పరీక్షించేవాణ్ణి, దాన్ని మాత్రం ఒక్కసారీ పరీక్షించి చూడలేదు.

మొన్న ఎండాకాలం ఒక రైతు సీడ్ నమూనా మెషిన్‌లో పెట్టి, ల్యాబ్‌కు తాళం వేసి, మేమిద్దరం కావలిలో నిశ్చితార్థానికి వెళ్ళాం. పదింటికి ఫలితం వస్తుంది, లాప్‌టాప్‌లో చూసి ఫోన్ చేస్తానని అతనికి మాటిచ్చాను.

పదింటికి లాప్‌టాప్ తెరిచాను. ల్యాబ్ సిస్టమ్‌తో కలవలేదు. మళ్ళీ నొక్కాను. పెళ్ళివారు కాఫీ తెచ్చిస్తే వాళ్ళ మీద విసుక్కున్నాను. వెతగ్గా వెతగ్గా అసలు సంగతి తెలిసింది. హోమ్ నుంచి బయటి కంప్యూటర్లలోకి వెళ్ళవచ్చు. బయటినుంచి హోమ్‌లోకి రావడానికి మాత్రం వీల్లేదు, దానికి ప్రో కావాలి.

అప్పుడే ఆ రైతు ఫోన్ చేశాడు. "అన్నా, సీడ్ వ్యాను గట్టు మీద నిలబడుండాది. రాత్రి ఆక్సిజన్ పట్టి కట్టిన సంచులు. ఎండ ముదురుతా ఉంది. వదిలేదా?"

"వద్దు. వైట్ స్పాట్ వైరస్ ఉంటే నీ గుంటే కాదు, పక్కనోళ్ళవీ పోతాయి. నేనొస్తుండా."

"తాళం పగలగొట్టి చూసేదా?"

"మెషిన్ గదిలోకి ఎవరూ పోగూడదు!" అని అరిచాను. ఆ గదిలో ఇంకో పదిమంది రైతుల నమూనాలున్నాయి, అది నిజమే. కానీ ఆ కోపం అతని మీద కాదని నాకు తెలుసు.

హైవే మీద కారు ఎంత తొక్కినా దారి తరగలేదు. నా భార్య నీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చింది. తిట్టినా బాగుండేది. అల్లూరు దాటాక మళ్ళీ ఫోన్. "పిల్లలు సంచుల్లో నీరసించి అడుక్కి పోతుండాయన్నా. ఫరవాలేదు, మీరు చెప్పేదాకా వదలను."

ఆ నమ్మకానికి భయపడి ఇంకా వేగంగా తోలాను.

ల్యాబ్ చేరేసరికి పన్నెండు దాటింది. అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి ఉంది. లోపలికి పోయి తెర చూశాను. వైరస్ లేదు. బంగారం లాంటి సీడ్.

వైరస్ ఉందని అతనికి చెప్తే చాలు. పోయిన సీడ్ గురించి బాధ ఉండదు, పీడ వదిలిందని నాకే దండం పెట్టి వెళతాడు. ఆ అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నిజంగానే వచ్చింది.

బయటికి వచ్చాను. "వైరస్ లేదు. పదింటికే వదిలుండాల్సింది. తప్పు నాది," అన్నాను.

అతను గుంట కాడికి ఫోన్ చేశాడు. "బాగుండాదంట. మిగిలినవన్నా వదలండి." అవతలివాళ్ళు చెప్పింది చాలాసేపు విన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"అన్నీ పోయినాయంట. మళ్ళీ తెస్తానన్నా," అన్నాడు. "ఆ రోజు మాత్రం మీరు ఈడే ఉండండి."